దుబాయ్ మీదుగా డాలస్‌కి ఒంటరిగా వెళ్తున్నాను. ఎయిర్‌పోర్టులో దారి ఎలా తెలుసుకోవాలి?

కావలి_టీచరమ్మ
3 ఫిబ్రవరి, రాత్రి 8:40

అందరికీ నమస్కారం. నాకు 61 ఏళ్లు. కావలి దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైర్ అయ్యాను. మా అమ్మాయి డాలస్‌లో ఉంటుంది. ఏప్రిల్ మొదటి వారంలో కాన్పు. మార్చి 10న చెన్నై నుంచి దుబాయ్ మీదుగా డాలస్‌కి టికెట్ తీశారు. ఎమిరేట్స్‌లో, రెండు విమానాలకూ కలిపి ఒకే టికెట్. దుబాయ్‌లో మధ్యలో 3 గంటల 40 నిమిషాలు ఉంది.

మా వారు రాలేరు. అత్తయ్య మంచంలో ఉన్నారు, ఆవిణ్ణి వదిలి ఇద్దరం కదిలే వీల్లేదు. విమానం ఎక్కడం నాకు ఇదే మొదలు. ఎక్కడం గురించి భయం లేదు కానీ దుబాయ్‌లో దిగాక ఎటు నడవాలన్నదే టెన్షన్. అల్లుడు వీడియోలు పంపించాడు. చూసేకొద్దీ గుండె దడ పెరిగింది. ఎటు చూసినా అద్దాలు, ఎస్కలేటర్లు, అంగళ్లు, అంతా ఒకేలా ఉంది. ఇంగ్లీషు చదవగలను. మాట్లాడాలంటే తడబడతాను. ఎదుటివాళ్లు వేగంగా మాట్లాడితే సగం అందదు.

"ఏం కాదు, ధైర్యంగా పో" అని ఇప్పటికే చాలామంది చెప్పారు. మీరు మాత్రం దిగిన చోటు నుంచి మళ్లీ ఎక్కే చోటు వరకు వరసగా ఏం జరుగుతుందో చెప్పండి.

---

చీమకుర్తి_దుబాయ్
3 ఫిబ్రవరి, రాత్రి 10:05

అక్కా, నమస్తే. నేను దుబాయ్‌లో 11 ఏళ్లుగా ఏసీ మెకానిక్‌ని. ఏటా ఒకటి రెండుసార్లు ఆ ఎయిర్‌పోర్టులోంచే ఊరికి వస్తుంటాను.

మొదట ఒక మంచి మాట. మీ రెండు విమానాలూ ఎమిరేట్స్ కాబట్టి రెండూ టెర్మినల్ 3లోనే ఉంటాయి. టెర్మినల్ మారే పని లేదు. టెర్మినల్ 2 రన్‌వేకి అవతల ఉంటుంది, అక్కడికి బస్సులో పోవాలి. ఆ తిప్పలు మీకు లేవు.

టెర్మినల్ 3లో ఏ, బీ, సీ అని మూడు భాగాలు ఉంటాయి. గేటు నంబరు ముందు ఆ అక్షరం ఉంటుంది. బీ, సీ ఒకదాన్నొకటి ఆనుకొని ఉంటాయి, నడిచి పోవచ్చు. ఏ అనే భాగం ఒక్కటీ విడిగా ఉంటుంది, దానికి లోపలే చిన్న రైలు నడుస్తుంది. టికెట్ ఉండదు, రెండు మూడు నిమిషాల్లో దించేస్తుంది. చాలామంది అమ్మలు రైలు చూడగానే "ఎయిర్‌పోర్టు బయటికి తీసుకుపోతోందేమో" అని ఆగిపోతారు. బయటికి పోదు, ఎక్కండి.

విమానం దిగాక వరస ఇది. తలెత్తి బోర్డు చూడండి, అరబ్బీ కింద ఇంగ్లీషు ఉంటుంది. కనెక్షన్స్ అని ఉన్న వైపే పోవాలి. అరైవల్స్, బ్యాగేజ్ అని ఉన్న వైపు పోకూడదు, అది దుబాయ్‌లోకి పోయేవాళ్ల దారి. మీ పెట్టెలు చెన్నైలో ఇచ్చినవి నేరుగా డాలస్‌కి పోతాయి, దుబాయ్‌లో తీసుకోనక్కర్లేదు. ఇమ్మిగ్రేషన్ కూడా ఉండదు. కొంచెం నడిచాక మళ్లీ ఒక సెక్యూరిటీ చెక్ వస్తుంది. చెన్నైలో అయిపోయింది కదా అనుకోకండి, ఇక్కడ మళ్లీ చేస్తారు. నీళ్ల సీసా ఉంటే అంతకుముందే తాగేయండి. అది దాటాక పెద్ద స్క్రీన్లు ఉంటాయి. అక్కడ మీ గేటు చూసుకోవాలి.

ఇంకొకటి, ఇది మాత్రం మర్చిపోకండి. దుబాయ్ ఎయిర్‌పోర్టులో బోర్డింగ్ అనౌన్స్‌మెంట్లు ఉండవు. మన రైల్వే స్టేషన్లో "దయచేసి వినండి" అని మైకు మోగినట్టు ఇక్కడ మోగదు. పిలుస్తారులే అని కూర్చుంటే విమానం పోతుంది. స్క్రీన్ చూసుకుంటూ ఉండాలి. బయలుదేరే టైముకి 20 నిమిషాల ముందే గేటు మూసేస్తారు.

---

కావలి_టీచరమ్మ
3 ఫిబ్రవరి, రాత్రి 10:31

తమ్ముడూ, ఎంత వివరంగా రాశావు. నోట్‌బుక్కులో ఎక్కించుకున్నాను. మైకు ఉండదని తెలియకపోతే నేను కచ్చితంగా పిలుపు కోసమే కూర్చునేదాన్ని. ఒక సందేహం. చెన్నైలో ఇచ్చే బోర్డింగ్ పాసు మీదే దుబాయ్ గేటు నంబరు కూడా ఉంటుందా?

---

చీమకుర్తి_దుబాయ్
3 ఫిబ్రవరి, రాత్రి 10:38

రెండు పాసులూ చెన్నైలోనే ఇస్తారక్కా. రెండో పాసు మీద గేటు చాలాసార్లు ఖాళీగా ఉంటుంది. ఉన్నా మారొచ్చు. స్క్రీన్ మీద ఏముంటే అదే లెక్క. వెతికేటప్పుడు ఊరి పేరు చూడకండి, విమానం నంబరు చూడండి. ఈకే అని రెండు అక్షరాలు, తర్వాత అంకెలు ఉంటాయి.

---

పొదలకూరు_నిమ్మ
4 ఫిబ్రవరి, ఉదయం 6:50

మేడం, గడియారం సంగతి చెప్తాను. మా మామగారు మెల్‌బోర్న్‌కి సింగపూర్ మీదుగా పోయారు. చాంగీ ఎయిర్‌పోర్టు మూడో టెర్మినల్లో సీతాకోకచిలుకల తోట ఉంది. చేతికి మా పెళ్లిలో పెట్టిన వాచీ. విమానానికి ఇంకా చాలా టైముందని ఆ తోటలో కూర్చున్నారు. ఆ వాచీ మన టైములో ఉంది. సింగపూర్ మనకన్నా రెండున్నర గంటలు ముందు. సెల్‌ఫోన్ విమానంలో ఆపింది ఆపినట్టే ఉంది, అందులోనూ మన టైమే. ఊడ్చే ఆవిడ ఒకామె ఏ ఊరికి పోవాలి అని తమిళంలో అడిగింది. మన నెల్లూరోళ్లకి తమిళం కొంచెమన్నా వస్తుంది కదా, చెప్పారు. ఆమె పాసు చూసి చెయ్యి పట్టుకుని పరుగు తీయించింది. గేటు మూసే చివర్లో ఎక్కారు. ఆయన ఇప్పటికీ ఆ మాట చెప్పేటప్పుడు గొంతు పూడుకుపోతుంది.

మీకు దుబాయ్‌లో ఇబ్బంది ఇంకోలా ఉంటుంది. దుబాయ్ మనకన్నా గంటన్నర వెనక. అక్కడ 8 గంటలైతే మీ వాచీలో తొమ్మిదిన్నర ఉంటుంది, విమానం పోయిందేమో అని గాబరా పడతారు. విమానం దిగేముందు సీటు ముందు స్క్రీన్లో అక్కడి టైము వేస్తారు. అప్పుడే వాచీ తిప్పేయండి. డాలస్‌లో దిగేముందు ఇంకోసారి.

---

పెన్నా_గట్టు
4 ఫిబ్రవరి, ఉదయం 9:15

ఇన్ని చదివి గుర్తుపెట్టుకోవడం ఎందుకండీ. వీల్‌చైర్ పెట్టించేయండి. టికెట్‌లోనే అడగొచ్చు, డబ్బులు ఉండవు. చెన్నై కౌంటర్ దగ్గర కూర్చుంటే డాలస్‌లో మీ అమ్మాయి చేతికి అప్పగించేదాకా వాళ్లదే బాధ్యత. సెక్యూరిటీలో, ఇమ్మిగ్రేషన్లో వేరే లైను. మా అమ్మను మూడుసార్లు అలాగే పంపాం. మన వైపు అందరూ అదే చేస్తున్నారు.

---

ఒంగోలు_నర్సు
4 ఫిబ్రవరి, మధ్యాహ్నం 1:20

అన్నా, మీ మాట కాదంటున్నందుకు ఏమనుకోవద్దు. కానీ ఇది చెప్పకుండా ఉండలేను.

మా నాన్నకి పక్షవాతం వచ్చి ఎడమ కాలు పనిచేయదు. రెండేళ్ల కిందట అన్నయ్య దగ్గరికి తీసుకుపోయాను. మధ్యలో ఒక పెద్ద విదేశీ ఎయిర్‌పోర్టులో విమానం తలుపు దగ్గర వీల్‌చైర్ కోసం 50 నిమిషాలు కూర్చున్నాం. ఆ విమానంలో ఇరవై మందికి పైగా వీల్‌చైర్ అడిగారు. అందులో సగం మంది కుర్చీ వచ్చేదాకా నిలబడి కబుర్లు చెప్పుకుంటున్నారు, అటూ ఇటూ నడుస్తున్నారు. మా నాన్నకి బాత్రూముకి పోవాల్సిన అవసరం వచ్చింది. నడవలేని మనిషి. నేను ఒక్కదాన్నే. ఆ తర్వాత ఏం జరిగిందో ఇక్కడ రాయలేను. ఆయన ఆ రోజంతా మాట్లాడలేదు.

వీల్‌చైర్‌లో మూడు రకాలున్నాయి. మెట్లు ఎక్కగలరు, దూరం నడవలేరు అంటే ఒక కోడ్. మెట్లు కూడా ఎక్కలేరంటే రెండోది. అసలు అడుగే వేయలేకపోతే మూడోది. టికెట్ తీసేటప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్తే ఎవరికి ఏం కావాలో వాళ్లకి తెలుస్తుంది. టీచరమ్మగారూ, మీకు మోకాళ్ల నొప్పులుంటే మొహమాటపడకుండా అడగండి, అది మీ హక్కు. దారి తెలియదన్నది మాత్రం కుర్చీ అడగడానికి కారణం కాకూడదు.

---

పెన్నా_గట్టు
4 ఫిబ్రవరి, మధ్యాహ్నం 2:02

చెల్లెమ్మా, మీ నాన్నగారి సంగతి చదివి మనసు కలిచివేసింది. మా అమ్మకి నిజంగానే మోకాళ్లు అరిగిపోయాయి, పది నిమిషాలు నిలబడలేదు. అందుకే పెట్టాం. కానీ "అందరూ అదే చేస్తున్నారు" అని రాయడం నా తప్పు. భాష రాని పెద్దవాళ్లకి ఇంకో దారి లేకపోవడం వల్లే చాలామంది కుర్చీ ఎక్కుతున్నారు, అది కూడా ఒప్పుకోవాలి.

---

చీమకుర్తి_దుబాయ్
4 ఫిబ్రవరి, రాత్రి 9:44

ఇంకో దారి ఉందన్నా. దుబాయ్‌లో మర్హబా అని సర్వీసు ఉంది. డబ్బు కట్టి ముందే బుక్ చేసుకుంటే పేరు రాసిన బోర్డు పట్టుకుని మనిషి వస్తారు, రెండో గేటు దాకా తోడుంటారు. దోహాలో అల్ మహా అని ఇలాంటిదే ఉంది. అల్లుడుగారితో చెప్పి చూడండి అక్కా.

---

కావలి_టీచరమ్మ
5 ఫిబ్రవరి, ఉదయం 7:10

రాత్రి ఇంట్లో అందరం మాట్లాడుకున్నాం. నేను రోజూ పొద్దున మూడు కిలోమీటర్లు నడుస్తాను. మోకాళ్లు బాగున్నాయి. నర్సమ్మ రాసింది చదివాక కుర్చీ అడగడానికి మనసు ఒప్పలేదు. డబ్బు కట్టి మనిషిని పెడతానన్నాడు అల్లుడు, నేనే వద్దన్నాను. ఇక్కడ మీరు ఇంత చెప్తున్నారు కదా, నడిచే పోతాను.

---

ఉదయగిరి_కువైట్
5 ఫిబ్రవరి, రాత్రి 11:30

టీచరమ్మా, నమస్కారం. నేను చెప్తుంటే నా కూతురు టైపు చేస్తా ఉంది. నేను అయిదో తరగతితో బడి మానేశాను. తెలుగు కూడబలుక్కుని చదువుతాను. ఇంగ్లీషు అస్సలు రాదు. 19 ఏళ్లుగా కువైట్‌లో డ్రైవరు పని. చెన్నై, దోహా, కువైట్. ఎన్నిసార్లు తిరిగానో లెక్కలేదు.

ఇంగ్లీషు రానోడు ఎట్టా పోతాడు అని అందరూ అడుగుతారు. నేను అక్షరాన్ని బొమ్మ చూసినట్టు చూస్తాను. పాసు మీద విమానం నంబరు ఉంటుంది కదా, దాన్ని బొటనవేలితో నొక్కి పట్టుకుంటాను. స్క్రీన్ దగ్గరికి పోయి అట్టాంటి బొమ్మే యాడుందో పై నుంచి కింద దాకా వెతుకుతాను. అంకెలు ఎట్టాగూ తెలుసు. దొరికినాక అదే గీత మీద పక్కకు పోతే గేటు. గేటు అక్షరం అరచేతిలో పెన్నుతో రాసుకుంటాను. ఆడ నుంచి తలెత్తి బోర్డు చూడటం, చెయ్యి చూడటం, అంతే.

దోహాలో నడిమధ్యన పసుపుపచ్చ ఎలుగుబంటి బొమ్మ ఉంటుంది, తల మీద దీపం గుచ్చి ఉంటుంది. ఇల్లంత ఎత్తు. దారి తప్పితే నేను ఆ ఎలుగుబంటి కాడికి వచ్చేస్తాను. ఆడ నుంచి మళ్లీ మొదలు పెడతాను. మీరు కూడా దుబాయ్‌లో స్క్రీన్ ఉన్న చోటు ఒకటి గుర్తు పెట్టుకోండి. తప్పితే ఆడికి రండి. తప్పినాక ఇంకా ముందుకు పోతే ఇంకా తప్పుతాము.

మొదటిసారి పొయ్యినప్పుడు మా ఊరోళ్ల వెనకాల పడి నడిచాను. వాళ్ల విమానం వేరే, నా విమానం వేరే. వాళ్లు బాత్రూముకి పోతే బాత్రూముకి పొయ్యాను. అట్టా మూడు గంటలు తిరిగి ఏడ్చుకుంటా కూర్చున్నాను. జనం వెంట పోబాకండి అమ్మా. ముందు పోయే మనిషి యాడికి పోతున్నాడో మనకి తెలీదు.

---

కావలి_టీచరమ్మ
6 ఫిబ్రవరి, ఉదయం 5:55

ఉదయగిరి అన్నయ్యా, ముప్పై ఏళ్లు పిల్లలకి అక్షరాలు నేర్పాను. అక్షరం రాకపోయినా ఇలా చదవొచ్చని మీ దగ్గర తెలుసుకున్నాను. మీ పాపకి నా ఆశీస్సులు.

---

డాలస్_బుచ్చి
6 ఫిబ్రవరి, ఉదయం 8:20

పిన్నిగారూ, మాది బుచ్చిరెడ్డిపాళెం, డాలస్‌లో ఉంటున్నాం. దుబాయ్ దాకా అన్నలు చెప్పారు కాబట్టి నేను ఇక్కడి సంగతి రాస్తాను.

డాలస్ ఎయిర్‌పోర్టులో ఏ నుంచి ఈ వరకు అయిదు టెర్మినల్స్ ఉన్నాయి. విదేశాల నుంచి వచ్చే విమానాలు డీలో దిగుతాయి. మీ ప్రయాణం అక్కడితో అయిపోతుంది కాబట్టి ఇక్కడ జనం వెంట నడిచినా ఫరవాలేదు, దారి ఒకటే. మొదట ఇమ్మిగ్రేషన్. విజిటర్స్ లైనులో నిలబడండి. వేలిముద్రలు, ఫొటో తీసుకుంటారు. ఎందుకొచ్చారు, ఎవరి దగ్గర ఉంటారు, ఎన్నాళ్లు ఉంటారు, మామూలుగా ఇవే అడుగుతారు. ఉన్న నిజం చిన్న మాటల్లో చెప్పండి. అర్థం కాకపోతే తల ఊపొద్దు. చాలామంది మొహమాటానికి అన్నిటికీ యస్ అంటారు, దానివల్ల లేనిపోని చిక్కులు వస్తాయి. "తెలుగు, ప్లీజ్" అని అడగండి. ఫోన్లో దుబాసీని కలుపుతారు. ఎన్నాళ్లు ఉండొచ్చో ఆ ఆఫీసరే నిర్ణయిస్తారు, వీసా మీద ఉన్న తేదీ అది కాదు. తర్వాత ఆన్‌లైన్‌లో ఐ-94 అనే రాకపోకల రికార్డు తీసి ఆ తేదీ చూసుకోమని మీ అమ్మాయికి చెప్పండి.

ఆ తర్వాత పెట్టెలు తీసుకుని కస్టమ్స్. అది దాటితే తలుపు, తలుపు బయట మీ వాళ్లు. ఇక్కడి నుంచి ఇంకో ఊరికి విమానం ఉన్నవాళ్లు కూడా, పెట్టెకి చివరి ఊరి ట్యాగు ఉన్నా సరే, మామూలుగా అమెరికాలో మొదట దిగిన చోట పెట్టెలు తీసుకుని, కస్టమ్స్ దాటించి మళ్లీ ఇవ్వాలి. ఇది తెలియక పెట్టెలు వదిలేసి పోయినవాళ్లు నాకే ఇద్దరు తెలుసు.

---

కావలి_టీచరమ్మ
6 ఫిబ్రవరి, రాత్రి 8:15

పెట్టెలంటే గుర్తొచ్చింది. ఆవకాయ, గోంగూర, కందిపొడి, కరివేపాకు, బాలింత పథ్యానికి ఎండు కొబ్బరి పెట్టాలనుకుంటున్నాను. మసాలాకి గసగసాలు కూడా.

---

చీమకుర్తి_దుబాయ్
6 ఫిబ్రవరి, రాత్రి 8:19

అక్కా, గసగసాలు వద్దు. ఎంత కొంచెమైనా వద్దు. ఇక్కడ దుబాయ్‌లో అవి మత్తుపదార్థాల కింద లెక్క, జైలుకి పోయినవాళ్లు ఉన్నారు. తమలపాకులు కూడా వద్దు. మీరు దుబాయ్‌లోకి రావట్లేదు నిజమే, కానీ విమానం ఆలస్యమై రాత్రికి ఇక్కడే హోటల్లో పెట్టాల్సి వస్తే? ఎందుకు ఆ రిస్కు.

---

డాలస్_బుచ్చి
7 ఫిబ్రవరి, ఉదయం 7:05

కరివేపాకు పచ్చిది అమెరికాలోకి తేనివ్వరు పిన్నీ. పచ్చి పండ్లు, కూరగాయలు, మాంసంతో చేసినవి కూడా వద్దు. ఎండు కొబ్బరి విమానంలోనే ఒప్పుకోరు, నూనె ఎక్కువ కాబట్టి దానంతటదే అంటుకునే సరుకుల జాబితాలో ఉంది. పచ్చళ్లు పెద్ద పెట్టెలో పెట్టండి. చేతి సంచిలో 100 మిల్లీలీటర్లు మించితే తీసేస్తారు, పచ్చడి కూడా ద్రవం కిందే లెక్క. పొడులు కూడా పెట్టెలోనే. పవర్ బ్యాంకు మాత్రం దానికి తిరగేసి, చేతి సంచిలోనే ఉండాలి.

కస్టమ్స్‌లో "ఫుడ్ ఉందా" అంటే ఉంది అనండి. ఉన్నదని చెప్తే చూసి, కుదరకపోతే తీసేసుకుంటారు, అంతే. లేదని చెప్పి దొరికితే 10,000 డాలర్ల దాకా జరిమానా వేయొచ్చు.

---

పొదలకూరు_నిమ్మ
7 ఫిబ్రవరి, ఉదయం 7:40

కరివేపాకు ఎందుకు వద్దంటారో నిమ్మ రైతుగా నేను చెప్పగలను. కరివేపాకు నిమ్మ, నారింజ జాతికి చుట్టం. తోటల్ని ఎండబెట్టే గ్రీనింగ్ తెగులును మోసుకొచ్చే చిన్న పురుగు రెండింటి మీదా బతుకుతుంది. ఫ్లోరిడాలో ఆ తెగులుతో నారింజ తోటలు దెబ్బతిన్నాయి. తెగులొస్తే చెట్టు కళ్లముందే ఎలా పోతుందో పొదలకూరు చుట్టుపక్కల అందరికీ తెలుసు. వాళ్లు ఆపడం న్యాయమే.

---

పెన్నా_గట్టు
7 ఫిబ్రవరి, సాయంత్రం 6:30

చెన్నై చేరడం గురించి ఎవరూ రాయలేదు. కావలి నుంచి పినాకిని ఎక్కితే మధ్యాహ్నానికి సెంట్రల్, అక్కడి నుంచి మెట్రో రైలు ఎయిర్‌పోర్టు దాకా పోతుంది. కానీ రెండు పెద్ద పెట్టెలతో అది వద్దు. కారులో రండి. తడ దాటాక పుళల్ దగ్గర బైపాస్ పట్టుకుంటే ఊళ్లోకి పోకుండా తాంబరం వైపు నుంచి రావొచ్చు. నాలుగు గంటల దారి అనుకున్నా ఆరు గంటలు పెట్టుకోండి. విమానానికి మూడు గంటల ముందు లోపల ఉండాలి. గుమ్మం దగ్గర పోలీసులు పాస్‌పోర్టు, టికెట్ చూసి మిమ్మల్ని ఒక్కరినే పంపిస్తారు, మీ వారు బయటే ఆగిపోవాలి. అది ముందే తెలిస్తే మంచిది, మా అమ్మ అక్కడే ఏడ్చేసింది.

---

కావలి_టీచరమ్మ
14 మార్చి, ఉదయం 9:50

అందరికీ నమస్కారం. డాలస్ నుంచి రాస్తున్నాను. క్షేమంగా చేరాను. మీరందరూ చెప్పినవాటిలో ఏది ఎలా పనికొచ్చిందో రాయాలి కదా, అందుకే కాస్త పెద్దది.

గుమ్మం దగ్గర నేను ఏడవలేదు. మా వారు ఏడ్చారు.

పాత క్యాలెండర్ వెనక అట్ట కత్తిరించి ఒక కార్డు చేసుకున్నాను. విమానం నంబర్లు, బయలుదేరే టైము, గేటు మూసే టైము, అమ్మాయి అడ్రసు, ఫోను, అన్నీ ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో రాశాను. కింద "నాకు ఇంగ్లీషు కొంచెమే వచ్చు, నా గేటు చూపించండి" అని అల్లుడు చెప్పిన వాక్యం. తాడు కట్టి మెడలో వేసుకున్నాను.

దుబాయ్‌లో దిగాక వాచీ తిప్పాను. పొదలకూరు బాబూ, అది చేయకపోతే ఆ మూడు గంటలూ నరకమే. అన్నీ తెలిసి కూడా మొదటి పది నిమిషాల్లోనే పొరపాటు చేశాను. నా పక్క సీటు దంపతులు కనపడితే తెలిసినవాళ్లు కదా అని వెంట నడిచాను. కొంతదూరం పోయాక వాళ్లు సంచిలోంచి వీసా కాగితాలు తీస్తున్నారు. తలెత్తితే పాస్‌పోర్ట్ కంట్రోల్ అని ఉంది. ఉదయగిరి అన్నయ్య మాట అక్కడ గుర్తొచ్చింది. ఆగిపోయాను. వెనక్కి తిరిగి, చివరిసారి కనెక్షన్స్ అని ఎక్కడ చూశానో అక్కడికి వచ్చాను. కాళ్లు వణికాయి, అబద్ధం చెప్పను. కానీ వెనక్కి రావాలని తెలుసు కాబట్టి వచ్చాను.

సెక్యూరిటీలో గాజులకి మోత మోగింది, ఒకావిడ పక్కకి పిలిచి చూసి పంపింది. తర్వాత స్క్రీన్. నంబరు మీద వేలు పెట్టి వెతికాను. గేటు ఏతో మొదలైంది, అంటే రైలు. రైలు దగ్గర నాకూ ఆ అనుమానమే వచ్చింది, బయటికి పోతుందేమో అని. అక్కడ తుడుస్తున్న ఒక నేపాలీ అబ్బాయికి కార్డు చూపించాను. వాడు హిందీలో మాట్లాడాడు. చిన్నప్పుడు హిందీ ప్రచార సభ పరీక్షలు ప్రాథమిక, మధ్యమ రాసి పాసయ్యాను. అప్పటి హిందీ యాభై ఏళ్లకి దుబాయ్‌లో పనికొచ్చింది. "ఇదే రైలు అమ్మా, ఎక్కండి" అన్నాడు. నా సంచి కూడా వాడే ఎక్కించాడు. పేరు అడగలేదే అని ఇప్పటికీ బాధగా ఉంది.

గేటు దగ్గర కూర్చున్నాక కూడా అరగంటకోసారి స్క్రీన్ చూశాను. మూడోసారి చూసినప్పుడు నంబరు మారి ఉంది. మైకులో ఎవరూ చెప్పలేదు. చీమకుర్తి తమ్ముడూ, నువ్వు రాయకపోతే నేను ఆ పాత గేటు దగ్గరే ఉండేదాన్ని. కొత్తది అదే వరసలో, ఏడెనిమిది నిమిషాల నడక.

డాలస్‌లో ఆఫీసరు మూడే ప్రశ్నలడిగాడు. రెండోది అర్థం కాక "మళ్లీ చెప్పండి" అన్నాను. నెమ్మదిగా చెప్పాడు. ఎన్నాళ్లు అని. ఫుడ్ ఉందన్నాను, పికిల్ అన్నాను. పక్క గదికి పంపి పెట్టెలు మిషన్లో పెట్టి చూసి ఇచ్చేశారు. ఆవకాయ సీసా ఒక్కటీ తియ్యలేదు. కరివేపాకు కావలిలోనే వదిలేశాను.

---

కనిగిరి_శీను
14 మార్చి, రాత్రి 10:12

టీచరమ్మగారూ, మీ పోస్టు మా నాన్నకి చదివి వినిపించాను. ఆయన మే నెలలో దోహా మీదుగా అక్క దగ్గరికి హ్యూస్టన్ పోవాలి. వయసు 68. నడవగలరు. తెలుగు తప్ప ఇంకేం రాదు. ఒక్కణ్ణే పంపాలంటే నాకు నిద్ర పట్టట్లేదు. మీ కార్డులో ఏం రాశారో వరసగా చెప్తారా?

---

ఉదయగిరి_కువైట్
14 మార్చి, రాత్రి 11:05

శీను బాబూ, నేను మే 6కి సెలవు అయిపోయి దోహా మీదుగానే పోతున్నాను. తేదీ కలిస్తే చెప్పు. దోహా దాకా నేను తోడుంటాను. హ్యూస్టన్ గేటు దగ్గర కూర్చోబెట్టి నా విమానానికి పోతాను, నాకు మధ్యలో అయిదు గంటలుంది.

---

కనిగిరి_శీను
14 మార్చి, రాత్రి 11:09

అన్నా, టికెట్ ఇంకా తియ్యలేదు. 6కే తీస్తాను.

---

కావలి_టీచరమ్మ
15 మార్చి, ఉదయం 6:20

శీనూ, అన్నయ్య తోడున్నా కార్డు మాత్రం చెయ్యి. దోహా దాటాక హ్యూస్టన్‌లో ఒక్కరే కదా. పైన మొదటి వరసలో విమానం నంబరు, దాని పక్కన గేటు రాసుకోవడానికి ఖాళీ వదులు. ఖాళీ దగ్గర చిన్న పెన్ను తాడుతో కట్టు. రెండో వరసలో గేటు మూసే టైము, అక్కడి టైము ప్రకారం. దోహా మనకన్నా రెండున్నర గంటలు వెనక. మూడో వరసలో అక్క అడ్రసు, ఫోను. వెనక వైపు ఆయన వేసుకునే మందుల పేర్లు. నాన్నగారికి దగ్గరి చూపు ఎలా ఉంది? అద్దాలు లేకుండా కనపడేంత పెద్దగా రాయి. నేను రాసినవి నాకే ఒకచోట ఆనలేదు, విమానం లోపల దీపాలు బాగా తగ్గించేస్తారు.